రాణిగారు ఎన్నింటికి లేచేవారు?

కిందటి నెల ఎవరికో జవాబు రాస్తూ, సంక్రాంతి సెలవులకి మనవలిద్దరినీ మధ్యప్రదేశ్‌లోని మహేశ్వర్ కోటకి తీసుకెళ్ళొచ్చానని మాటవరసకి రాశాను. నర్మద ఒడ్డున కోట, అహల్యాబాయి హోల్కర్ ఏలిన ఊరు అన్నానంతే. ఆ ఒక్క వాక్యానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. అందుకే ఈసారి శీర్షికంతా ఆ కోటకే. పదో తరగతి పరీక్షల టెన్షన్ గురించి రాసినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

*

ప్రశ్న: టీచరుగారూ, మాకు పన్నెండేళ్ళ పాప, తొమ్మిదేళ్ళ బాబు. కిందటేడు గోల్కొండ తీసుకెళ్తే కింద చప్పట్లు కొట్టి, పైకెక్కి, "ఇంక ఐస్‌క్రీమ్ ఎప్పుడు?" అన్నారు. మహేశ్వర్ అంత దూరం తీసుకెళ్ళి ఏం చూపిస్తే వాళ్ళకి పడుతుంది? ఎలా వెళ్ళాలి?
– ఓ తల్లి, మధురవాడ

జవాబు: ముందు నా పరువు పోయిన సంగతి చెప్తాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు సోషల్ చెప్పినదాన్ని. కోట గుమ్మం దగ్గర ఇద్దరినీ నిలబెట్టి "1725లో పుట్టింది, 1733లో పెళ్ళి, 1754లో భర్త పోయాడు, 1767లో రాజ్యం చేతికొచ్చింది, 1795లో కన్నుమూసింది" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. ఆరో తరగతి మనవరాలు మర్యాదకి తలూపింది. నాలుగో తరగతి మనవడు చెప్పు బెల్టు ఊడదీసి మళ్ళీ పెట్టుకున్నాడు. రెండుసార్లు.

లోపలికి వెళ్ళాక కథ మారింది. రాజవాడ అంటే వాడు పెద్ద ప్యాలెస్ ఊహించుకున్నాడు. తీరా చూస్తే చెక్క స్తంభాలు, వాలు కప్పు, మధ్యలో వాకిలి. విజయనగరం వైపు పాత మండువా లోగిళ్ళు చూసినవాళ్ళకి కొత్తేమీ అనిపించదు. "సింహాసనం ఏదీ?" అన్నాడు. చూపించాను. తెల్ల పరుపు, ఆనుకోడానికి బాలీసులు. వాడు కాసేపు దాన్నే చూసి, "తాతయ్య పేపరు చదువుకునే చోటులా ఉంది" అన్నాడు. ఆ వెంటనే, నా ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఏ ఇన్‌స్పెక్టరూ అడగని ప్రశ్న వేశాడు: "మామ్మా, రాణిగారు ఎన్నింటికి లేచేవారు?"

అదృష్టం కొద్దీ ఇది రాసిపెట్టి ఉన్న విషయమే. సర్ జాన్ మాల్కమ్ అని ఈస్టిండియా కంపెనీ అధికారి ఒకాయన ఉండేవాడు. ఆవిడ పోయిన పాతికేళ్ళకి ఆ ప్రాంతంలో పనిచేస్తూ, ఆవిడని ఎరిగినవాళ్ళనీ, ఆవిడ దగ్గర పనిచేసినవాళ్ళనీ అడిగి తెలుసుకుని 1823లో అచ్చువేశాడు. తెల్లవారడానికి గంట ముందు లేవడం. పూజ, పురాణం వినడం, దానాలు, అన్నదానం. ఆ తర్వాతే తన భోజనం, అదీ శాకాహారం. కాసేపు నడుం వాల్చి, మధ్యాహ్నం రెండింటికి దర్బారు. సాయంత్రం ఆరు దాకా అక్కడే, పరదా లేకుండా, ఎవరొచ్చి మొరపెట్టుకున్నా వింటూ. మళ్ళీ పూజ, చిన్న ఫలహారం. తొమ్మిదింటికి మళ్ళీ కాగితాలు. పదకొండింటికి నిద్ర.

"అంటే రాత్రి పదకొండు దాకా హోంవర్కా!" అన్నాడు మావాడు. ఆ క్షణంలో ఆవిడ వాడికి చుట్టమైపోయింది. అక్కణ్ణుంచి నేను చెప్పక్కర్లేదు, వాళ్ళే అడిగారు. రాణిగారికి పిల్లలున్నారా, ఆవిడ గదేది, స్కూలుకి వెళ్ళిందా. వాకిట్లో విగ్రహం చేతిలో శివలింగం చూసి అదెందుకని అడిగితే, ఆజ్ఞాపత్రాల మీద ఆవిడ తన పేరు కాకుండా శ్రీశంకరుడి పేరు రాయించేదట అని చెప్పాను. మనవరాలికి అది బాగా నచ్చింది. వాళ్ళ లీడర్ కూడా ప్రిన్సిపాల్ మేడమ్ పేరు చెప్పే క్లాసుని కూర్చోబెడుతుందట!

ఇక ఘాట్. ఇది మాత్రం తొందరపడకుండా చూపించండి. కోట ఉత్తరపు ఒడ్డున ఉంది. మెట్ల మీద నది వైపు నిలబడితే దక్షిణానికి తిరిగినట్టు. పిల్లల చేత ఓ ఆకు నీళ్ళలో వేయించండి. మావాళ్ళు వేశారు. ఎడమ నుంచి కుడికి పోయింది. మనవరాలు రెండు నిమిషాలు లెక్కేసుకుని, "మామ్మా, ఇది ఉల్టా వెళ్తోంది" అంది. మన పిల్లలకి నది అంటే గోదావరి, అది తూర్పుకే పోతుంది. సముద్రం అంటే ఆర్.కె. బీచ్, సూర్యుడు అందులోంచే పైకొస్తాడు. నర్మదమ్మ పడమటికి వెళ్తుంది. అమరకంటక్‌లో పుట్టి, వింధ్య సాత్పురా కొండల మధ్య నుంచి 1312 కిలోమీటర్లు నడిచి, భరూచ్ దగ్గర ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుంది. ఇదంతా మ్యాపు పెట్టి ఏళ్ళ తరబడి చెప్పినదాన్నే. ఒక్క ఆకు చేసిన పని నా చాక్‌పీసు చేయలేదు.

లింగార్చన కూడా తప్పకుండా చూడండి. అహల్యాబాయి నాటి నుంచీ వస్తున్న ఆచారం అది. పురోహితులు పొద్దున్నే కూర్చుని నది మట్టిని వేళ్ళ మధ్య నలిపి, చిటికెన వేలి గోరంత లింగాలు చేసి చెక్కపీటల మీద వరసలుగా పేరుస్తారు. పూజయ్యాక నర్మదలో కలిపేస్తారు. మర్నాడు మళ్ళీ మొదలు. మావాడు గుడ్లప్పగించి చూసి నా చెవిలో "రోజూ చేసి రోజూ కరిగించేస్తారా? దాచుకోరా?" అన్నాడు. దాచుకోరు నాన్నా అన్నాను. వాడికి నమ్మకం కలగలేదు. వాడి మంచం కింద అట్టపెట్టె నిండా అగ్గిపెట్టె లేబుళ్ళున్నాయి మరి.

ప్రయాణం సంగతి: మేము సమతా ఎక్స్‌ప్రెస్‌లో భోపాల్ దిగి, అక్కణ్ణుంచి ఇండోర్ వెళ్ళాం. ఇండోర్ నుంచి మహేశ్వర్ సుమారు 90 కిలోమీటర్లు, కారులో రెండు గంటల పైమాటే. విమానంలో వెళ్తే ఇండోర్ విమానాశ్రయానికి ఆవిడ పేరే ఉంటుంది, పిల్లల చేత బోర్డు చదివించండి. నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్ళండి. వేసవిలో ఆ రాతిమెట్ల మీద కాలు పెట్టలేరు. నీళ్ళలోకి పిల్లల్ని దింపొద్దు. ఎగువన ఓంకారేశ్వర్ దగ్గర ఆనకట్ట ఉంది, నీటిమట్టం మారుతుంటుంది. ఐస్‌క్రీమ్ దొరుకుతుంది, కంగారు పడకండి.

*

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ పోస్ట్‌మాస్టరుని. అహల్యాబాయి కొడుకు రథం కింద ఆవుదూడ పడి చచ్చిపోతే, ఆవిడ సొంత కొడుకునే రథం కింద తొక్కించబోయిందని, ఆ తల్లి ఆవే అడ్డం వచ్చి ఆపిందని మా మనవలకి చెప్పాను. మా కోడలు "అవన్నీ కల్పితాలు మామయ్యగారూ" అంటోంది. ఏది నిజం?
– పెందుర్తి నుంచి

జవాబు: మీరు చెప్పిన కథ ఇండోర్‌లో ఇప్పటికీ చెప్తారండీ. ఆవు అడ్డం పడిన చోటే ఆడా బజార్ అంటారు. వాళ్ళ 'ఆడా'కీ మన 'అడ్డం'కీ అర్థం ఒకటే. కానీ చరిత్రలో దీనికి ఆధారం లేదు. ఆవిడ కొడుకు మాలేరావు 1766లో తాత మల్హర్‌రావు పోయాక గద్దెనెక్కాడు. ఏడాది తిరక్కుండానే జబ్బుచేసి పోయాడు.

ఇదే కథ మనకీ ఉంది కదా! బెజవాడలో మాధవవర్మ అనే రాజు కొడుకు రథం కింద, చింతచిగురు అమ్ముకునే ఆవిడ బిడ్డ పడి చనిపోతే, రాజు కొడుక్కి మరణశిక్ష వేశాడనీ, దుర్గమ్మ మెచ్చి కనకవర్షం కురిపించిందనీ చెప్పుకుంటాం. తమిళులకి తిరువారూరులో మనునీతి చోళుడున్నాడు. అక్కడ మళ్ళీ ఆవూ దూడే. న్యాయం తప్పని పాలకుడు కావాలని జనం ఎంత ఆశపడ్డారో, ఊరూరా ఈ ఒక్క కథే రథమెక్కి తిరిగింది.

కాబట్టి మీరు మానకండి, కోడలిగారినీ కోప్పడకండి. "ఇండోర్ వాళ్ళు ఇలా చెప్తారర్రా" అని మొదలుపెట్టి చెప్పండి. పక్కనే బెజవాడ కథ కూడా చెప్పి, రెండింటికీ పోలికలు వాళ్ళనే పట్టుకోమనండి. మా మనవరాలు మూడు పట్టుకుంది. మూడోది నాకూ తట్టలేదు: మూడు కథల్లోనూ చంపబోయేది కొడుకునే, కూతుర్ని ఎవరూ రథం తోలనివ్వలేదు!

*

ప్రశ్న: మేడమ్, మా స్కూల్లో అహల్యాబాయి మీద వ్యాసరచన పోటీ పెట్టాం. నలభై వ్యాసాలొస్తే నలభైలోనూ 'మహారాణి', 'మహాసాధ్వి', 'మహోన్నత'. ఒకడు మాత్రం లేచి "మేడమ్, ఆవిడ రుద్రమదేవిలా యుద్ధం చేసిందా? చేయకపోతే పాఠం ఎందుకు?" అన్నాడు. వాడికేం చెప్పను?
– ఓ ఉపాధ్యాయిని, గాజువాక

జవాబు: ఫస్ట్ ప్రైజు ఆ కుర్రాడికి ఇచ్చేయండి.

మొదట వాడి ప్రశ్న సంగతి. ఆవిడకి యుద్ధం తెలియకపోవడమేమిటి! మామగారు మల్హర్‌రావు 1765లో ఆవిడకి రాసిన ఉత్తరం ఉంది. చంబల్ దాటి గ్వాలియర్ వెళ్ళు, పెద్ద ఫిరంగులు దగ్గరుంచుకో, మందుగుండు వీలైనంత సిద్ధం చెయ్యి అని అందులో పురమాయిస్తాడు. కోడలికి రాసిన ఉత్తరమిది, "ఆవకాయ పంపించు" అని కాదు. అంతకు ఎనిమిదేళ్ళ ముందు, 1757లో, మన బొబ్బిలి కోట తగలబడింది. పిల్లలకి కాలం తెలియాలంటే ఇలా ముడి వేయండి. 'పద్దెనిమిదో శతాబ్దం' అంటే వాళ్ళకి రాయి విసిరినట్టే.

1767లో కొడుకు కూడా పోయాక, దివాను గంగాధర్ యశ్వంత్ ఎవరో చిన్నపిల్లాణ్ణి దత్తత తీసుకోమన్నాడు. పిల్లాడు గద్దె మీద, పెత్తనం తన చేతిలో అన్నమాట. ఆవిడ ఒప్పుకోలేదు. అతను పీష్వాకి, అంటే మరాఠా రాజ్యం ప్రధానికి, బాబాయి అయిన రఘునాథరావుని సైన్యంతో సహా రప్పించాడు. ఆవిడ చుట్టుపక్కల మరాఠా సర్దారులకి కబుర్లు పంపి సాయం కూడగట్టింది. రఘునాథరావుకి కూడా ఒక కబురు పంపిందని చెప్తారు: ఆడదాన్ని, నేను ఓడితే ఎవరూ ఏమీ అనరు, మీరు ఓడితే మాత్రం తలెత్తుకోలేరు, ఆలోచించుకోండి అని. ఆయన 'అబ్బే, పరామర్శకొచ్చాను' అన్నాడు. పీష్వా మాధవరావు కూడా ఆవిడ వైపే మాట్లాడాడు. యుద్ధం జరగలేదు. సైన్యం సేనాని తుకోజీ హోల్కర్‌కి అప్పగించి, రాజ్యం లెక్కలు తన దగ్గర పెట్టుకుని 28 ఏళ్ళు ఏలింది. మీ కుర్రాడితో ఈ సీను క్లాసులో నాటకం వేయించండి. రఘునాథరావు వేషం వాడికే ఇవ్వండి.

ఇక ఆవిడ కట్టించినవి. లిస్టు రాయిస్తే మళ్ళీ నలభై 'మహా'లే వస్తాయి. దానికి బదులు "మీ ఇంట్లో కాశీ వెళ్ళొచ్చినవాళ్ళెవరు?" అని అడగండి. గాజువాకలో సగం చేతులు లేస్తాయి. వాళ్ళ తాతలు దణ్ణం పెట్టుకున్న విశ్వనాథుడి గుడి 1780లో ఆవిడ తిరిగి కట్టించినదే. గయలో పిండాలు పెట్టొచ్చినవాళ్ళు నిలబడిన విష్ణుపాద మందిరం 1787లో ఆవిడ కట్టించినదే. ఎల్లోరా పక్కన ఘృష్ణేశ్వరం కూడా. సోమనాథ్‌లో పాత గుడి శిథిలమైతే పక్కన కొత్తది కట్టించింది. వీటికి ఖజానా డబ్బు తీయలేదు, 'ఖాస్గీ' అని ఆ ఇంటి ఆడవాళ్ళ సొంత జాగీర్ల రాబడి ఉండేది, అందులోంచి ఖర్చుపెట్టింది. ఇంటి ఖర్చుకి ఒక పర్సు, సంఘం డబ్బుకి ఒక పర్సు పెట్టుకునే డ్వాక్రా మహిళల పిల్లలకి ఇది ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

నాకు మాత్రం గుళ్ళకన్నా ఇంకోటి ఇష్టం. మాల్కమే రాశాడు. మహేశ్వర్ చుట్టుపక్కల ఎండలో దున్నుతున్న రైతు దగ్గరికి ఆవిడ మనిషి వచ్చి, అరక ఆపించి ఎడ్లకి నీళ్ళు పెట్టేవాడట. పిట్టలు పంట తింటుంటే రైతు తోలేస్తాడు కదా. తోలడం న్యాయమే అనేదట ఆవిడ. మరి పిట్టలేం తినాలి? అందుకని కొన్ని పొలాలు కొని పంటతో సహా పిట్టలకి వదిలేసింది. రైతుని తప్పుపట్టకుండా పిట్టకి తిండి పెట్టడం చూశారా! మీ పిల్లల్లో బొమ్మలు వేసేవాళ్ళుంటే ఈ పొలం గీయమనండి.

చివరగా ఆ నలభై వ్యాసాల సంగతి. ఒక పండితుడు ఆవిణ్ణి పొగుడుతూ ఏకంగా ఒక గ్రంథమే రాసి తెచ్చాడట. ఆవిడ ఓపిగ్గా అంతా విని, నేను అంత పొగడ్తకి తగినదాన్ని కాదు అని, దాన్ని నర్మదలో పడేయించింది. రాసినాయనకి బహుమానం మాట దేవుడెరుగు, తిరిగి పలకరింపు కూడా లేదు. ఈ కథ చెప్పి, వ్యాసాలు వెనక్కిచ్చేసి, మళ్ళీ రాయమనండి. 'మహా' అనే మాటకి ఒక్కోదానికి ఒక్కో మార్కు కోత అని కూడా చెప్పండి.

*

ప్రశ్న: కోట దగ్గర మహేశ్వరీ చీరలు కొన్నారా? అసలుది ఎలా గుర్తుపట్టాలి? ఆన్‌లైన్‌లో కొని ఒకసారి మోసపోయాను.
– ఓ గృహిణి, అక్కయ్యపాలెం

జవాబు: ఒకటి కొన్నాను, కోడలికి. నాకు వద్దనుకున్నాను గానీ ఇంటికొచ్చాక బాధపడ్డాను. ఆ మగ్గాలు కూడా అహల్యాబాయి చలవే. బయటి ఊళ్ళ నుంచి నేతగాళ్ళని రప్పించి మహేశ్వర్‌లో స్థిరపరిచింది. మధ్యలో ఆ నేత పడిపోతే 1970ల చివర్లో హోల్కర్ల వారసులు రెహ్వా అనే సొసైటీ పెట్టి మళ్ళీ నిలబెట్టారు. రేవా అంటే నర్మదే.

ఇప్పటి చీరల్లో ఎక్కువగా పడుగు పట్టు, పేక నూలు ఉంటుంది. అందుకే చేతిలోకి తీసుకుంటే బరువు తెలియదు. అంచుని రెండు వైపులా తిప్పి చూడండి. ఎటు తిప్పినా డిజైను బాగుండాలి, చీర ఎటు వైపైనా కట్టుకోవచ్చు. పైటకొంగు మీద అయిదు చారలుంటాయి. అంచు డిజైన్లు కోట గోడల్నీ, నది అలల్నీ చూసి తీసుకున్నవి. మా మనవరాలు ఘాట్ మెట్ల అంచున చెక్కిన లతని, చీర అంచుని పక్కపక్కన పెట్టి ఫోటో తీసుకుంది. పొందూరు ఖద్దరు వేళ్ళతో తడిమి చూసే అలవాటున్న ఉత్తరాంధ్ర ఆడవాళ్ళని ఎవరూ అంత తేలిగ్గా మోసం చేయలేరు. స్క్రీను మీద తడమలేం, అదే చిక్కు.

*

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్ళు. అహల్యాబాయి గురించి చదువుతూ "సతి అంటే ఏంటమ్మా?" అని అడిగింది. తర్వాత చెప్తానని వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఈ వయసులో చెప్పొచ్చా?
– పేరు వద్దు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: వంటింట్లో ఎన్నాళ్ళు దాక్కుంటారమ్మా. మీరు చెప్పకపోతే ఫోను చెప్తుంది, బొమ్మలతో సహా.

మా మనవరాలిదీ అదే వయసు. సాయంత్రం ఘాట్ మీద తమ్ముడు పడవల్ని లెక్కపెడుతుంటే నా పక్కకి జరిగి అడిగింది. నేను చెప్పింది చెప్పినట్టు రాస్తాను, మీకు పనికొస్తే తీసుకోండి.

భర్త చనిపోతే భార్య కూడా ఆ చితి మీదే ప్రాణం వదిలేయాలనే ఆచారం కొన్ని చోట్ల, కొన్ని కుటుంబాల్లో ఉండేది అని చెప్పాను. 1754లో కుంభేర్ కోట ముట్టడిలో ఫిరంగి గుండు తగిలి అహల్యాబాయి భర్త ఖండేరావు పోయాడు. అహల్యకి అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. ఆవిడా సిద్ధపడింది. మల్హర్‌రావు ఏడుస్తూ అడ్డం పడ్డాడు, కొడుకు పోయాడు, నువ్వూ పోతే నాకెవరున్నారని. ఆవిడ ఆగిపోయింది. ఆ తర్వాతే ఆయన ఆవిడకి లెక్కలు, ఉత్తరాలు, ఫిరంగులు అన్నీ అప్పజెప్పాడు. "అంటే ఆ తాతయ్య ఆపకపోతే ఈ కోట ఇలా ఉండేది కాదా?" అంది. ఉండేది కాదు అన్నాను.

అక్కడితో ఆపుదామనుకున్నాను. తను ఆపలేదు. "వాళ్ళ అమ్మాయి?" అంది. లోపల ఎవరో గైడు వేరే వాళ్ళకి చెప్తుంటే విన్నదట. అబద్ధం చెప్పలేకపోయాను. ముక్తాబాయి భర్త 1791లో చనిపోయాడు. కూతురు సతికి వెళ్తానంది. తల్లి కాళ్ళావేళ్ళా పడి బతిమాలింది. రాణి అయ్యుండీ కూతురి ముందు మోకరిల్లింది. కూతురు వినలేదు. నదీతీరాన ఇద్దరు బ్రాహ్మలు చెరో చెయ్యీ పట్టుకుని ఆపుతుంటే అహల్యాబాయి నిలబడి చూసిందనీ, తర్వాత మూడు రోజులు దాదాపు ఏమీ తినకుండా, ఒక్క మాటా మాట్లాడకుండా ఉండిపోయిందనీ మాల్కమ్ రాశాడు. పోయినవాళ్ళ పేరున ఒక కట్టడం కట్టించడంలో ఆవిడ కాస్త ఊరట వెతుక్కుందట. మంట గురించి నేనేమీ వర్ణించలేదు. మీరూ వర్ణించకండి.

మనవరాలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "రాణి కదా మామ్మా. వద్దని ఆర్డర్ వేయొచ్చు కదా?"

దీనికి నా దగ్గర పెద్ద జవాబు లేదు. రాణి మాట కూడా చెల్లని చోట్లు అప్పట్లో ఉండేవి అన్నాను. రామ్మోహన్ రాయ్ లాంటివాళ్ళు పోరాడాక 1829లో బెంగాల్ ప్రెసిడెన్సీలో నిషేధిస్తూ చట్టం వచ్చిందని చెప్పాను. తను వేళ్ళ మీద లెక్కేసింది. "ముప్ఫై ఎనిమిదేళ్ళు లేటు" అంది. అవును అన్నాను. తమ్ముడు పడవలు పదిహేడు అని అరిచాడు. లేచి వెళ్ళాం.

మీ అమ్మాయికి చెప్పండి. కాకపోతే రాత్రి పడుకోబోయే ముందు వద్దు. పగలు, పక్కన కూర్చుని చెప్పండి, అడిగినంత వరకే. చిన్నపిల్లలెవరైనా ఇంట్లో ఉంటే వాళ్ళని ఆడుకోడానికి పంపించి మరీ.

*

ప్రశ్న: టీచర్, నేను సిక్స్త్ క్లాస్. మహేశ్వరే మాహిష్మతి అని మా అన్నయ్య అంటున్నాడు. సినిమాలో ఉన్న అంత పెద్ద జలపాతం అక్కడ ఉందా? నా పేరు వెయ్యొద్దు, అన్నయ్య చదివితే ఏడిపిస్తాడు.
– గోపాలపట్నం

జవాబు: పేరు వెయ్యలేదు నాన్నా. మీ అన్నయ్య సగం రైటు. పురాణాల్లో మాహిష్మతి అనే నగరం నర్మద ఒడ్డున ఉండేది. అది ఈ మహేశ్వరే అని చాలామంది నమ్ముతారు. సినిమాలోది మాత్రం కల్పించిన రాజ్యం. అంత పెద్ద జలపాతమూ లేదు, అంత ఎత్తు బంగారు విగ్రహమూ లేదు. కానీ ఊరికి దగ్గర్లో సహస్రధార అని ఉంది. అక్కడ నది రాళ్ళ మధ్య చీలిపోయి ఎన్నో పాయలుగా ఉరుకుతుంది. మాహిష్మతి రాజు కార్తవీర్యార్జునుడికి వెయ్యి చేతులు. ఆ చేతులన్నీ అడ్డం పెట్టి నర్మదని ఆపేశాడట. నది వేళ్ళ సందుల్లోంచి జారుకుందని అక్కడివాళ్ళు చెప్తారు. ఒడ్డున శివపూజ చేసుకుంటున్న రావణాసురుడి పూలన్నీ ఆ నీళ్ళకి కొట్టుకుపోయాయి. కోపంతో యుద్ధానికొచ్చి, ఓడిపోయి, కట్టుబడ్డాడు. ఇది అన్నయ్యకి చెప్పు, నిన్ను ఏడిపించడం మానేస్తాడు.

ఇంకో సంగతి. మీ ఇంట్లో తాళాలు పోతే నానమ్మ ఏదో శ్లోకం చదువుతుందా? "కార్తవీర్యార్జునో నామ" అని మొదలవుతుంది. ఆ రాజుగారిదే. పోయిన వస్తువు దొరుకుతుందని మన పెద్దల నమ్మకం.

మా మనవడు ఆఖరి మెట్టు మీద చెప్పులు విడిచాడు. ఏదో పడవ వెళ్ళింది, అల వచ్చింది, ఒక చెప్పు నీళ్ళలో పడింది. నేను వెంటనే శ్లోకం అందుకున్నాను. ఆయన సొంత ఊళ్ళోనే నిలబడి అడుగుతున్నాం కదా, దొరక్కపోతుందా అనుకున్నాను. పదకొండుసార్లు చదివాను. చెప్పు మాత్రం పొద్దున ఆకు వెళ్ళిన వైపే, సూర్యుడి వెనకాలే పోయింది. బజార్లో కొత్త జత కొన్నాం. మిగిలిన ఆ ఒక్క చెప్పుని వాడు పారేయనివ్వలేదు. వైజాగ్ దాకా మోసుకొచ్చాడు. ఇప్పుడది సీతమ్మధారలో మా బాల్కనీలో, తులసికోట పక్కన ఉంది.